పాపిడి నాదే

జులై 14, 2024, ఆదివారం, షాలిమార్ (హౌరా)

శ్రావణంలో పెళ్ళి ఖాయమైందని వదిన ఫోన్. విజయవాడలో. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు ఇక్కడి నుంచే బయల్దేరుతుంది కాబట్టి ప్రయాణం గురించి బెంగ లేదు. బెంగంతా తల గురించే. డెంగీ తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్ళకొద్దీ రాలింది. జ్వరం తర్వాత అది మామూలే, మళ్ళీ వస్తుందన్నాడు డాక్టరు. చాలావరకు వచ్చింది కూడా. నడినెత్తిన మాత్రం మాడు కనిపిస్తూనే ఉంది. ముందు వైపూ చెవుల పక్కనా ఒత్తుగానే ఉంది. ఇలాంటి తలకి పూర్తి విగ్గు ఎందుకు? సవరం జడకి పొడవిస్తుంది గాని నడినెత్తిని కప్పదు. హాఫ్ విగ్గయితే ముందు జుట్టు నాదే ఉంటుంది. కుంకుమ నా పాపిట్లోనే పెట్టుకుంటాను.

జులై 20, శనివారం

కోల్‌కతా చిత్పూర్‌లో జాత్రా నాటకాల వేషాలకు కట్టే విగ్గులు చూశాను. దూరం నుంచి చూసే కళ్ళకు అవి చాలు, పెళ్ళి పందిట్లో పక్కన కూర్చునేవాళ్ళకు చాలవు. ఇంకో దుకాణంలో ముసలి దాదా ఓపిగ్గా నేర్పాడు. ఒక పాయ తీసి వేళ్ళతో కుదురు నుంచి కొసకి జారిస్తే నున్నగా ఉండాలి, కొస నుంచి కుదురుకి పోతే కాస్త గరుకు తగలాలి. అలా ఉంటే వెంట్రుకలన్నీ ఒకే దిశలో ఉన్నట్టు. రెండు వైపులా గాజులా జారితే, పైపొర యాసిడ్‌తో తీసేసి సిలికాన్ పూసినట్టే. నాలుగు తలంట్లకి ఆ పూత పోయి చిక్కులు పడుతుంది. రంగు కలిసిందో లేదో ట్యూబులైటు కింద తేలదు. గుమ్మంలోకి తెచ్చి నా జుట్టు కొసల పక్కన పెట్టి చూశాను. నిగనిగలాడే కారునలుపు వద్దనుకుని, కాస్త గోధుమరంగు కలిసినది తీసుకున్నాను. పొడవు భుజాల దాకా చాలు. బరువు పెరిగిన కొద్దీ క్లిప్పులు నా వెంట్రుకల్ని లాగుతాయి, ఉన్నది కాస్తా ఊడుతుంది.

జులై 21, ఆదివారం

వదినకి చెబితే, "ఎవరో మొక్కు తీర్చుకున్న జుట్టు నెత్తిన పెట్టుకుంటావుటే?" అంది. ఈ సందేహం ఆమె ఒక్కదానిదే కాదు. 2004లో న్యూయార్క్‌లో ఛాందస యూదు స్త్రీలు, తిరుమల జుట్టు కలిసిందని తమ విగ్గుల్ని వీధుల్లో కాల్చేశారు. నేను మాత్రం వదినకి నీలాదేవిని గుర్తుచేశాను. పశువుల కాపరి గొడ్డలి దెబ్బకు స్వామి తలమీద కొంత మేర జుట్టు పోతే, ఆ గంధర్వ రాకుమారి తన కురులు కోసి అక్కడ అతికించిందని కదా స్థలపురాణం! భక్తులిచ్చే తలనీలాలు ఆమెకే చెందాలని స్వామి వరమిచ్చాడంటారు. ఏడుకొండల్లో నీలాద్రిది ఆమె పేరే. ఒకరి జుట్టుతో ఇంకొకరి తల నిండడంలో అపచారమేముంది?

కల్యాణకట్ట జుట్టును దేవస్థానం వేలం వేస్తుంది. చౌకరకం వేరే దారిలో వస్తుంది. చిక్కు వెంట్రుకలకి స్టీలు గిన్నెలిచ్చే వాళ్ళు వీధుల్లో పోగుచేసింది మూటలుగా ఈ బెంగాల్‌కే, ముర్షిదాబాద్ జిల్లా బెల్‌డాంగాకీ తూర్పు మేదినీపూర్ ఊళ్ళకీ చేరుతుంది. అక్కడి ఆడవాళ్ళు ఆ ఉండల్ని విడదీసి, పొడవుల వారీగా వేరుచేస్తారు. నడుములు పడిపోయే పని. విగ్గు ధర అడిగేవాళ్ళు వాళ్ళ కూలి ఎంతో కూడా అడగాలి.

ఆగస్టు 4, ఆదివారం

ఇప్పుడు విగ్గు పెట్టుకోవడం చేతికి అలవాటైంది. ముందు రెండు వేళ్ళ మందాన జుట్టు విడదీసి నుదుటి మీదికి వేసుకోవడం, వెనకది సన్నగా అల్లి పిన్నులతో అణచడం. మొదట పైక్లిప్పు, తర్వాత చెవుల వెనకవి, చివర మెడ దగ్గరిది. పలచగా ఉన్నచోట క్లిప్పు పడకూడదు. ఆపైన ముందు జుట్టు వెనక్కి దువ్వి అతుకు మీద పరిస్తే, పక్కింటి బౌది దగ్గరగా వచ్చి వెతికినా దొరకలేదు. ఈ ఉక్కపోతకి మధ్యాహ్నానికల్లా లోపల చెమట పడుతోంది. అందుకని పెళ్ళిలో ముహూర్తానికీ భోజనాలకీ ఉంచుకుని, విడిదికి రాగానే తీసేస్తాను. రైల్లో ఎలాగూ పెట్టుకోను. పెద్ద పళ్ళ దువ్వెన, నాలుగు క్లిప్పులు అదనంగా సంచిలో వేశాను. వదిన తన తల ఫొటోలు పంపింది, పై నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. రేపు పగటి వెలుతురులో మళ్ళీ తీసి పంపమన్నాను. పసుపు లైటు కింద రంగు తెలియడం లేదు.