నేరం పైదారానిది, శిక్ష బాబిన్‌కి

కుట్టు మిషను పాడైందని ఎవరైనా చెబితే నేను సగమే నమ్ముతాను. పోత ఇనుముతో చేసిన ఆ నల్లటి యంత్రం అంత తేలిగ్గా పాడవదు. అమ్మ తొక్కిన మిషను మీద కూతురు, ఆ తర్వాత మనవరాలు కుట్టుకున్న ఇళ్లు మన ఊళ్లలో బోలెడు. పాడయ్యేది మామూలుగా దారం వెళ్లే దారి, లేదంటే సూది, అదీ కాకపోతే శుభ్రం. ఈ మూడూ చక్కబెట్టడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాల విద్య తెలియక మిషన్లు మూలన పడి, నెత్తిన పాత పేపర్ల కట్టలు మోస్తుంటాయి. మా బంధువుల ఇళ్లలోనే నాకు అలాంటివి నాలుగు కనిపించాయి.

నాకీ విద్య మా అమ్మ నుంచి వచ్చింది. గుంటూరులో ఆమె జాకెట్లు కుట్టిన డబ్బే అక్కకీ నాకూ స్కూలు ఫీజు. దసరా ముందు మిషను ఆగిందంటే ఇల్లు ఆగినట్టే. మెకానిక్ మా పేటకు వారానికోసారి సైకిల్ మీద వచ్చేవాడు. ఆయన పనిచేస్తుంటే అమ్మ పక్కనే పీట వేసుకుని కూచుని, ఏ స్క్రూ ఎందుకు తిప్పుతున్నాడో అడిగి మరీ తెలుసుకునేది. బ్యాంకు ఉద్యోగంతో హైదరాబాద్ చేరాక నేను కుట్టింది తక్కువ, బాగు చేసింది ఎక్కువ. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి మిషను మొరాయించినా నాకు కబురొస్తుంది.

వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువభాగం ఒకటే. ‘కింద దారం ఉండలు చుట్టుకుంటోంది, బాబిన్ పాడైంది.’ కింద కనిపించే తప్పు కిందిదే అనుకోవడం సహజం. కానీ ఇక్కడ దోషి దాదాపు ఎప్పుడూ పైదారమే. మిషను కుట్టే పద్ధతి తెలిస్తే సంగతి అర్థమవుతుంది. సూది పైదారాన్ని గుడ్డ కిందికి తీసుకెళ్లి, కొద్దిగా పైకి లేవగానే అక్కడ చిన్న ఉచ్చు ఏర్పడుతుంది. షటిల్ కొక్కెం ఆ ఉచ్చును పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పి వదులుతుంది. అప్పుడు పైదారం బిగుసుకుని, రెండు దారాల ముడి గుడ్డ మందంలో దాక్కోవాలి. పైదారాన్ని పట్టి ఉంచే టెన్షన్ బిళ్లల మధ్యలో దారం లేకపోతే అది బిగుసుకోదు. షటిల్ లాగినంతా కిందికి వచ్చేసి గూడు కడుతుంది.

దారం బిళ్లల మధ్యకు ఎందుకు చేరదు? గుడ్డను నొక్కిపట్టే పాదం కిందికి దించి ఉన్నప్పుడు ఆ బిళ్లలు గట్టిగా మూసుకుంటాయి. అప్పుడు దారం ఎక్కిస్తే అది పైపైనే ఉండిపోతుంది. పాదం పైకెత్తి ఎక్కిస్తే బిళ్లలు తెరుచుకుని దారాన్ని లోపలికి రానిస్తాయి. ఇంతే రహస్యం. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ పాదం వెనక్కి లాగి, మొదటి రెండు మూడు కుట్ల దాకా వేళ్లతో పట్టుకుంటే మొదట్లో పడే చిక్కు కూడా పోతుంది.

మా వాచ్‌మన్ భార్యది మహబూబ్‌నగర్ వైపు ఊరు. మహిళల కోసం నడిపిన శిక్షణ కేంద్రంలో మూడు నెలలు కుట్టు నేర్చుకుంది. చివర్లో మిషను కూడా ఇచ్చారు. బతుకమ్మ పండగ ముందు చేతిలో పద్నాలుగు జాకెట్లున్నాయి. ఒకరోజు పొద్దున్నే వచ్చి, “మేడమ్, షటిల్ ఖరాబయిందట. కొత్తది ఎయ్యాలె, పండగైనంకనే వస్తా అన్నడు మెకానిక్” అంది. కళ్లనిండా నీళ్లు. జాకెట్లు ఇచ్చినవాళ్లలో ఇద్దరు అప్పటికే బట్ట వెనక్కి తీసుకుపోయారు.

వెళ్లి చూస్తే, పాదం దించే దారం ఎక్కించి ఉంది. దాన్ని సరిచేశాక చిక్కు పోయింది కానీ కుట్టు ఇంకా నచ్చలేదు. పైన ఎర్రదారం, కింద తెల్లదారం పెట్టి పాత గుడ్డ మీద కుట్టించాను. సర్దుబాటు తేల్చడానికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు. గుడ్డ పైభాగాన తెల్లచుక్కలు కనిపిస్తే పైదారం మరీ బిగువు, లేదా బాబిన్ దారం వదులు. అడుగున ఎర్రచుక్కలు కనిపిస్తే దానికి తలకిందులు. ఆమెకు పైన తెల్లచుక్కలు వచ్చాయి. పైదారం బిగువు తగ్గించినా పోలేదు. అప్పుడు బాబిన్ కేసు బయటికి తీశాం.

బాబిన్ దారం పట్టుకుని కేసును గాల్లో వేలాడదీయాలి. తనంతట తనే జర్రున జారిపోతే వదులు. చిన్నగా కుదిపినప్పుడు అంగుళమో రెండంగుళాలో జారి ఆగితే సరిగ్గా ఉన్నట్టు. కుదిపినా కదలకపోతే బిగువు. ఆమెది జారిపోయింది. కేసు పక్కనున్న సన్న రేకు కింద దారం ముక్క, దుమ్ము ఇరుక్కుని రేకును ఎత్తిపెట్టాయి. సూదిమొనతో లాగేస్తే సగం నయమైంది. మిగతా సగానికి రేకు మీది స్క్రూను గడియారం ముల్లు అయిదు నిమిషాలు తిరిగినంత తిప్పాం. ఆ స్క్రూతో అంతకుమించి చనువు పనికిరాదు. ఊడి కిందపడితే వెతికి పట్టుకోవడం దేవుడి తరం కూడా కాదు.

“మూడు నెలల్లో బాబిన్ కేసు గురించి ఏం చెప్పారు?” అని అడిగాను.

“కటింగ్ చెప్పిన్రు మేడమ్. మిషన్ ఆగితే సారే వచ్చి చేసేటోడు.”

నన్ను బాధపెట్టింది ఈ జవాబే. గార్మెంట్ ఫ్యాక్టరీలో మిషను ఆగితే చూసేందుకు మెకానిక్ ఉంటాడు. ఇంట్లో కుట్టుకునే మనిషికి తనే టైలరు, తనే మెకానిక్. మనవాళ్లకు కుట్టు మిషను పంచడమంటే మహా ఇష్టం. పార్టీలు, స్వచ్ఛంద సంస్థలు పంచుతాయి, ఫొటోలు దిగుతాయి. 2023 సెప్టెంబర్ 17న కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం, కొద్దిరోజుల శిక్షణ అందులో భాగం. మంచిదే. ఏ పథకమైనా సరే, మిషను చేతికిచ్చే ముందు ఒక్కపూట దాన్ని విప్పించి, బిగించి చూపించాలని నా కోరిక. ఆ పూట లేకపోతే మిగతా ఖర్చంతా మూలనపడే ఇనుము మీద పెట్టినట్టే.

యంత్రాలంటే పడని గాంధీజీ కూడా 1924లో ఒక సంభాషణలో సింగర్ కుట్టు మిషనుకు మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టలేక పడే అవస్థ చూసి సింగర్ దాన్ని కనిపెట్టాడని ఆయన మురిసిపోయారు. చరిత్ర అంత ముచ్చటగా లేదు. రెండు దారాల కుట్టుకు ఎలియాస్ హోవే 1846లోనే అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. 1851లో తన మిషనుకు పేటెంట్ పొందిన సింగర్ చివరికి కోర్టులో ఓడి, హోవేకు రాయల్టీ కట్టాడు. ప్రేమ సంగతి ఎలా ఉన్నా, మిషను ఆడవాళ్ల శ్రమ తగ్గించిందన్నది మాత్రం నిజం.

ఇక సూది. కుట్లు మధ్యలో ఎగిరిపోతున్నా, దారం పదేపదే తెగుతున్నా ముందు సూది మార్చండి. చవకైన వైద్యం అదే. ఎనిమిది పది గంటల కుట్టుకు సూది మార్చమని తయారీదారులు చెబుతారు. మనవాళ్లు విరిగేదాకా వాడతారు. గృహ మిషను సూదికి తలదగ్గర ఒకవైపు చదునుగా ఉంటుంది. ఆ చదును షటిల్ కొక్కెం వైపుకు రావాలి, సూది పైకంటా ఆనాలి. పల్చటి బట్టకు 11, మామూలు నూలుకు 14, జీన్సుకు 16 లేదా 18. సాగే బట్టకు గుండ్రటి మొన సూది వేరే దొరుకుతుంది. జీన్సు కుట్టిన సూదితోనే పట్టు జాకెట్టు కుట్టి ‘మిషను బట్ట లాగుతోంది’ అంటే మిషను ఏం చేస్తుంది?

నూనె విషయంలో మన వంటింటి అలవాటు మిషను ప్రాణం తీస్తుంది. కొబ్బరినూనె కొన్నాళ్లకు జిగురై లోపలి భాగాలను పట్టేస్తుంది. మిషను నూనే వేయాలి. ఇప్పటికే పట్టేసిన మిషనులో కిరోసిన్ చుక్కలు వేసి, దారం లేకుండా కాసేపు తొక్కి, మురికి తుడిచి, అప్పుడు మిషను నూనె వేస్తే చాలాసార్లు దారికొస్తుంది. కిరోసిన్ కాబట్టి పొయ్యికి దూరంగా ఈ పని చేయాలి. సూది కింది పలక విప్పి పళ్ల మధ్య పేరుకున్న నూలు పొట్టును బ్రష్‌తో దులపడం మరవొద్దు. తొక్కుడు బరువైతే ఇదొకసారి చూసుకుని తర్వాత బెల్టును అనుమానించండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు చక్రాన్ని వెనక్కి తిప్పేస్తుంటారు. దారం తెగడానికి అదీ ఒక కారణం. చక్రం పైభాగం మనవైపుకు రావాలి.

ఇవన్నీ చేశాక కూడా కుట్టు పడకపోతే అప్పుడు మెకానిక్ పనే. సూది కడ్డీ జారి, కొక్కెం ఉచ్చును అందుకునే సమయం తప్పి ఉండొచ్చు. కొక్కెం మొన అరిగి ఉండొచ్చు. అలాంటప్పుడు నేను స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి ఫోన్ చేస్తాను. ‘మిషను పాడైంది’ అనను. “కొత్త సూది వేశాను, దారం సరిగ్గానే ఎక్కించాను, షటిల్ శుభ్రం చేశాను, అయినా కుట్టు పడటం లేదు. టైమింగ్ చూడాలేమో” అంటాను. ఇంతవరకూ చెబితే ఆయన కావలసిన సామాను వెంట తెచ్చుకుంటాడు, మొదటిసారికే పని పూర్తి చేసుకుని వెళతాడు.