మామిడికాయ లేని పులుసు

ప్రయాణం రోజు పొద్దున్నే పెట్టెలు తూకం వేశాం. రెండూ 23 కిలోల దగ్గర ఆగాయి. విమానం చెన్నైలో తెల్లవారుజామున. రాత్రి ఎనిమిదికి నెల్లూరులో కారెక్కితే చాలు. మధ్యలో ఒక పగలంతా మిగిలింది.

ఇన్నేళ్ళూ ఆ ఆఖరి పగటిని మిగిలిపోయిన పనులకే ఇచ్చాను. దర్జీ దగ్గర ఆగిపోయిన జాకెట్లు, బ్యాంకులో సంతకాలు, "మా ఇంటికి రాకుండానే పోతావా" అని నొచ్చుకున్న చుట్టాలు. స్నేహితులకు మాత్రం విమానాశ్రయం నుంచి ఫోను చేసేదాన్ని. ఈ జనవరిలో ముందురోజు రాత్రే నాకు ఫోనొచ్చింది. "రేపు యాడికీ పోబాక. పులుసు పెట్టేశా. మైపాడు పోదాం."

డి.కె. మహిళా కళాశాలలో మూడేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్న ముగ్గురం మేము. ఒకామె ఇప్పుడు ప్రభుత్వ బడిలో తెలుగు టీచరు. పులుసు పెట్టినామె ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్న ఇంటికి కోడలుగా వెళ్ళింది. ఆ గుంటల లెక్కలన్నీ ఇప్పుడు తనే చూస్తుంది. నేను 1999లో న్యూజెర్సీ వెళ్ళాను.

నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్లు. జనవరి కాబట్టి దారికి రెండు పక్కలా వరి పచ్చగా ఉంది. సముద్రం దగ్గరపడే కొద్దీ పైరు తగ్గి, చదరాలు చదరాలుగా నీళ్ళు మొదలయ్యాయి. గుంటల్లో ఏరియేటర్లు నీటిని చిలుకుతున్నాయి. ఒక గుంట దగ్గర పులుసు పెట్టినామె కారు ఆపించింది. అందులో నీళ్ళు లేవు. అడుగుమట్టి నెర్రెలిచ్చింది.

"దీంట్లో ఈసారి పిల్ల వెయ్యలేదే" అంది.

2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆమె నాకు ఫోను చేసి ఒక్కటే అడిగింది: "మీ ఊళ్ళో అంగట్లో రొయ్యలు ఏం రేటున్నాయే?" వెళ్ళి చూసి చెప్పాను. ఇండియా సరుకు అని అచ్చేసిన ఆ వనామి రొయ్యల సంచిని అంతకుముందు ఎన్నోసార్లు కొన్నాను. ఇవి ఎవరి గుంటలోవో అన్న ఆలోచన ఆ రోజే మొదటిసారి వచ్చింది. తొంభైలలో తెల్లమచ్చ తెగులుకు టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోతే వాళ్ళ మామగారు తట్టుకున్నారు. 2009 తర్వాత వనామి వచ్చి కుటుంబాన్ని నిలబెట్టింది. ఇప్పుడు నాకు జీతమిచ్చే దేశంలో ఒక సంతకం పడితే ఇక్కడ ఈమె గుంట ఎండింది. ఆ మాట ఇద్దరం పైకి అనలేదు. గట్టు మీద కాసేపు పక్కపక్కనే నిలబడ్డాం.

సరుగుడు తోపులు దాటేసరికి ఒడ్డున అలివి వల లాగుతున్నారు. రెండు జట్లు రెండు తాళ్ళు పట్టుకుని, ఇసకలో మడమలు దిగేసి, ఒక్కో అడుగే వెనక్కి వేస్తున్నారు. వల ఒడ్డెక్కేదాకా మేమూ అక్కడే ఉన్నాం. కవళ్ళు, నెత్తళ్ళు, నాలుగు పీతలు పడ్డాయి. అంత లాగుడుకు ఆ కాసిన్ని చేపలేనా అని నాకనిపించింది. గంపలతో వచ్చిన ఆడవాళ్ళు అప్పటికే బేరంలో పడ్డారు.

"ఆ రాత్రి నువ్వెన్నిసార్లు ఫోను చేశావో" అంది మా టీచరమ్మ, అలల వైపు చూస్తూ. ఏ రాత్రో చెప్పనక్కర్లేదు. 2004 డిసెంబర్ 26. ఇక్కడ ఆదివారం పొద్దున, నాకు క్రిస్మస్ రాత్రి. సునామీ అనే మాట తెలుగు ఇళ్ళల్లోకి వచ్చింది ఆ రోజే. ఆంధ్ర తీరంలో నూరుమందికి పైగా పోయారు. మా జిల్లా పాళేలకూ ఏడుపు తప్పలేదు. ఒక్క నంబరూ కలవలేదు. సముద్రానికి ఇంత దగ్గర్లో కాపురముంటున్న మనిషి గొంతు వినడానికి నాకు దాదాపు తెల్లారింది. "బాగుండామే. ఇంక నిద్రపో" అంది. ఆ మాట విన్నాక వంటింటి గట్టుకు ఆనుకుని ఎంతసేపు ఏడ్చానో ఇద్దరికీ ఇప్పుడు చెప్పాను. ఇన్నేళ్ళూ చెప్పే పగలు దొరకలేదు.

సరుగుడు నీడలో చాప పరిచాం. క్యారియర్‌లో అన్నం, వాళ్ళ అత్తగారి నాటి మట్టిచట్టిలో వంజరం పులుసు. మా నెల్లూరోళ్ళు చేపల పులుసు ఏ పూటకాపూట తినరు. రాత్రి పెట్టి, మూతేసి, మర్నాటిదాకా ఆగుతారు. అప్పటికి పులుపూ కారమూ ముక్కలోకి దిగుతాయి, నూనె పైకి తేలుతుంది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. ఆమె మాత్రం ఏదో తప్పు చేసినట్టు నా మొహమే చూస్తోంది.

"మామిడికాయ లేదే. ఈ నెలలో కాయ యాడ దొరకద్ది? ఉత్త చింతపండుతో పెట్టా."

నెల్లూరు పులుసంటేనే మామిడికాయ ముక్కలు. నేను అమెరికా వెళ్ళాక అలాంటి పులుసు ఇక్కడ ఎప్పుడు తిన్నానో గుర్తు చేసుకోబోయాను. గుర్తు రాలేదు. ఎందుకంటే తినలేదు. వస్తే డిసెంబర్, లేకుంటే జులై. డిసెంబర్‌లో చెట్లకు కాయ ఉండదు. జులైకి పచ్చికాయ కాలం దాటిపోతుంది. అక్కడి బడి సెలవులను బట్టి నేను వచ్చాను, నా సెలవులను బట్టి వీళ్ళు వండారు. దొరికిన చేప, దొరికిన పులుపు, దొరికిన పూట. నా ఊరిని నేను ఇరవై ఆరేళ్ళుగా నాకు వీలైన నెలల్లోనే చూశాను. దానికి వీలైన నెలలో ఒక్కసారీ రాలేదు. నా పిల్లలిద్దరూ బడి దాటి ఎన్నాళ్ళో అయింది. అయినా టికెట్టు కొనేటప్పుడు నా చెయ్యి ఇంకా డిసెంబర్ మీదికే పోతోంది.

"మార్చి ఆఖర్లో రా" అంది ఆమె, నాకు ఇంకో ముక్క వేస్తూ. "ఏప్రిల్ 15కి వేట ఆపేస్తారు. జూన్ 14 దాకా మర పడవలు కదలవు. ఆ లోపల వస్తే కాయా ఉంటది, చేపా ఉంటది."

సాయంత్రం ఇంటి గుమ్మం ముందు దింపి, ఇద్దరూ ఎక్కువసేపు నిలబడకుండా వెళ్ళిపోయారు. రాత్రి సూళ్ళూరుపేట దాటుతుండగా ఫోనులో వచ్చే ఏడాది క్యాలెండరు తెరిచాను. మార్చి ఆఖరి వారం నుంచి ఏప్రిల్ 14 వరకు గుర్తు పెట్టుకుని, ఇద్దరికీ ఒకటే మాట రాశాను: "మామిడికాయకి వస్తా."

కారు తడ చేరేలోపే జవాబొచ్చింది. "చట్టి ఇప్పుడే కడిగి బోర్లించా."