వెలిసిన బట్ట

సూరతు నగరంలోని పాత ఇండ్లలో నాయనమ్మల నాటి పటోలా చీర ఒకటి అద్దాల బీరువాలో మడతలో ఉన్నదనుకోండి. వచ్చినవారికి కనబడాలని దానిని అక్కడ పెడతారు. ఏండ్లు గడిచినకొద్దీ పైమడత వెలవెలబోతుంది. లోపలి మడత విప్పితే మాత్రం తొలినాటి ఎరుపు కనుపిస్తుంది. బట్ట ఒకటే, వయస్సు ఒకటే. భేదమంతా వెలుతురు సోకడంలోనే ఉన్నది.

తాపీనది ఒడ్డున వెలసిన ఈ నగరం ఒకప్పుడు రంగులకు రేవు. అహమ్మదాబాదు చేరువనున్న సర్ఖేజ్ నీలిమందు పదిహేడవ శతాబ్దంలో ఇక్కడి నుండి ఓడలకెక్కింది. ఆంగ్లేయులు మచిలీపట్నంలో 1611లోను, సూరతులో 1613లోను వర్తకస్థానాలు నెలకొల్పినప్పుడు వారిని ఆకర్షించిన సరుకులలో బట్ట ముఖ్యమైనది.

ఆనాటి రంగులన్నీ ఒక్క తీరున ముసలివి కావు. చిరివేరు, మంజిష్ఠల ఎరుపు పటిక సాయంతో దారాన్ని గట్టిగా పట్టుకొంటుంది. నీలి చాలకాలం నిలుస్తుంది. పసుపుపచ్చ త్వరగా వెలిసిపోతుంది. పాత అద్దకపు బట్టలలో నీలిరంగు ఆకులను చూచి అది చిత్రకారుని ఊహ అని కొందరు మురిసిపోతారు. నిజానికి ఆ ఆకులు పచ్చగానే పుట్టినవి. నీలితో జతగా వేసిన పసుపుపచ్చ ముందుగా సెలవు తీసుకొన్నది. నలుపు కథ వేరు. ఇనుముతో తీసిన నలుపు తనకు ఆశ్రయమిచ్చిన దారాన్నే మెల్లగా తినివేస్తుంది. అందువలన కొన్ని బట్టలలో నల్లగీత ఉండవలసినచోట సన్నని చిల్లు మాత్రమే మిగులుతుంది. జరీలోని వెండి కూడ గాలిలోని గంధకపు ఆవిరులకు నల్లబడుతుంది.

వెలుతురు చేసే హాని అప్పువలె పేరుకొంటూ పోతుంది. తరువాత చీకటిలో ఎంతకాలం దాచినా పోయిన రంగు తిరిగిరాదు. కనుకనే ప్రదర్శనశాలలు ఇటువంటి బట్టలను సుమారు 50 లక్సుల మసక వెలుగులో కొంతకాలం చూపి, మరల చీకటిగదికి చేరుస్తాయి. మడతల వెంబడి దారాలు తెగకుండ వీలైనచోట గొట్టాలకు చుట్టి ఉంచుతాయి. ఎంతో దూరం నుండి వచ్చి ఆ మసకలో కళ్ళు చిట్లించుకొనే ప్రేక్షకుడు విసుగుకొంటాడు. అతని విసుగులో న్యాయం లేకపోలేదు. ఎవరూ చూడని అందం ఎవరి కోసం? చూపితే తరుగుతుంది, దాచితే లేనట్లే అవుతుంది.

ఈ చిక్కుకు పూర్తి విరుగుడు లేదు. చూడడమంటే కొంత రంగును వెచ్చించడమే. ఆ వ్యయం ఎవరి కోసం, ఎంత మేరకు అన్నది మాత్రం మనుష్యుల చేతిలో ఉన్నది. పండుగనాడు మనుమరాలిని ప్రక్కన కూర్చోబెట్టుకొని లోపలి మడత ఒకసారి విప్పి చూపడం దుబారా కాదు. ఎవరూ తలయెత్తి చూడని అద్దాల బీరువాలో, ఎండ పడే కిటికీకి ఎదురుగా, ఏండ్ల తరబడి ఉంచడమే దుబారా.