నాలుగడుగుల తొట్టెలో రెడ్‌టెయిల్

మార్చి 9, 2025. బిలాస్‌పూర్

పై క్వార్టరు వాళ్లకి నాగ్‌పూర్ ట్రాన్స్‌ఫర్. మంచాలూ బీరువాలూ లారీ ఎక్కాయి, చేపల తొట్టె మా వరండాలోకి దిగింది. రైల్వే కాలనీల్లో ఇది మామూలే. మా తాత బి.ఎన్.ఆర్. రోజుల్లో పలాస నుంచి ఇక్కడికొచ్చిన నాటినుంచీ మా ఇంట్లో ఎవరెవరివో వదిలేసిన మొక్కలో, కుక్కలో పెరుగుతూనే ఉన్నాయి.

తొట్టె నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు. నిండా పోస్తే 250 లీటర్లు. అందులో ఒకే ఒక్క చేప, జానెడు రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్. నల్లటి వీపు, పక్కన తెల్లటి పట్టీ, నారింజ కలిసిన ఎర్ర తోక, ఆరు మీసాలు. వెళ్తూ వెళ్తూ వాళ్లబ్బాయి నా చెయ్యి పట్టుకున్నాడు. "మావయ్యా, ఒక్కత్తే ఉంటే బెంగెట్టుకుంటుంది. దానికి తోడు తెచ్చి వెయ్యి." చూస్తాన్లేరా అన్నాను.

మార్చి 12

గూడ్సు బండి డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి తెల్లవారుజామున మూడు. బట్టలైనా మార్చకుండా తొట్టె ముందు కూర్చున్నాను. పగలంతా ఫిల్టరు గొట్టం కింద కదలకుండా పడుకునే చేప ఇప్పుడు అడుగంతా మీసాలతో తడుముతూ తిరుగుతోంది. ఒక రొయ్య వేశాను. మీసం కొస తగిలిందో లేదో నోరు తెరుచుకుంది, నీళ్లతోపాటు రొయ్య లోపలికి పోయింది. నమలడం లేదు. దీని పళ్లు చిన్న చిన్నవి, ఆకురాయిలా గరుగ్గా ఉంటాయి. పట్టుకోడానికే తప్ప కొరకడానికి కావు. ఏది తిన్నా పూర్తిగా మింగాల్సిందే.

కాబట్టి తోడు వెతకాలంటే ముందు చూడాల్సింది దాని కోపం కాదు, దాని నోరు. తెరిచినప్పుడు నా మూడు వేళ్లు పట్టేంత ఉంది. అందులో పట్టే ప్రతి చేపా దానికి మేతే. పగలు పక్కపక్కనే ఉన్నాయి కదా, కలిసిపోయాయని అనుకుంటారు. పగటి చేపలు నిద్రపోయే వేళకే ఇది లేస్తుంది.

మార్చి 16, ఆదివారం

బుధవారీ బజార్ వైపు చేపల కొట్టుకెళ్లాను. సరుకంతా కలకత్తా నుంచి థర్మాకోల్ పెట్టెల్లో రైలు మీదే వస్తుందట. కొట్టాయన ఒక్కొక్కటీ ఓపిగ్గా చూపించాడు.

సిల్వర్ షార్క్: పొడుగ్గా ఉన్నా సన్నటి ఒళ్లు, సులువుగా గొంతు దిగుతుంది. వద్దు. ఆస్కార్: ఒళ్లు లావే, కానీ తన జాగా అని గిరి గీసుకుని కూర్చునే జాతి, కదలని క్యాట్‌ఫిష్ మీసాలు కొరుకుతుంది. ఇంత చిన్న తొట్టెలో వద్దు. ఇక్కడ 'షార్క్' అని అమ్మే పంగస్ పిల్లలు మన పశ్చిమగోదావరి, కృష్ణా చెరువుల్లో పెంచే చేపే. మందతో తిరగాల్సినది. భయపడితే గాజుకేసి మూతి బద్దలు కొట్టుకుంటుంది.

ఆయన గట్టిగా సిఫారసు చేసింది సక్కర్‌ని. అన్నిటికంటే ప్రమాదం అదే. దాని వీపు రెక్కకీ, పక్క రెక్కలకీ ముళ్లుంటాయి. పట్టుకోగానే వాటిని విప్పి బిగించేస్తుంది. మింగబోయిన చేప గొంతులో అది ఇరుక్కుంటే కక్కలేదు, మింగలేదు. రెండూ చస్తాయి. జెల్ల ముల్లు చేతికి గుచ్చుకున్నవాళ్లకి ఈ మాట వివరించి చెప్పక్కర్లేదు.

మిగిలింది సిల్వర్ డాలర్. పళ్లెంలా వెడల్పైన ఒళ్లు, ఆకూ అలమూ తిని గుంపుగా మసిలే చేప. నోటికి అడ్డం పడుతుంది. కానీ ఎన్నాళ్లు? ఆ నోరు కూడా పెరుగుతోంది. ఏమీ కొనకుండా వచ్చేశాను.

ఏప్రిల్ 20

నిన్న కొలిస్తే తోక కొస దాకా అడుగుకి దగ్గరపడింది. అమెజాన్‌లో ఈ చేప మీటరు దాటుతుంది. 50 కిలోలు మించినవి గేలాలకి పడ్డాయి. అడుగున్నర వెడల్పు తొట్టెలో ఇది వెనక్కి తిరగడానికే చోటు చాలని రోజు ఎంతో దూరం లేదు. దానికి కరువైంది తోడు కాదు. మంద చేప కాదు కనుక ఒంటరితనం దానికి బాధా కాదు. కరువైంది చోటు.

మే 18

బయట 44 డిగ్రీలు. నీళ్లు వేడెక్కితే ప్రాణవాయువు నిలవదు. రెండో ఎయిర్ పంపు పెట్టాను, మేత సగానికి తగ్గించాను. ఇంత తిండిపోతు చేపకి మేత ఎక్కువైతే నీళ్లలో అమ్మోనియా పెరుగుతుంది. డిపోలో ఒకాయన బతికున్న గోల్డ్‌ఫిష్ వెయ్యమన్నాడు. గోల్డ్‌ఫిష్‌లో థయమినేజ్ ఉంటుంది, అది బి1 విటమిన్‌ని విరిచేస్తుంది. అదే మేతగా పెడితే చేప నీరసించి పోతుంది. పైగా రోగాలు. మునిగే గుళికలు, రొయ్య, చేప ముక్క చాలు, అదీ లైటు ఆర్పాక.

జూన్ 15, ఆదివారం

రాయ్‌పూర్‌లో పెద్ద సిమెంటు తొట్టి ఉన్న ఒక పెంపకందారు వచ్చి, ఆక్సిజన్ నింపిన సంచిలో రెడ్‌టెయిల్‌ని తీసుకెళ్లాడు. ఈలోగా "అర్ప నదిలో వదిలెయ్యండి, బతికిపోతుంది" అన్నవాళ్లు ఎందరో. మంచి మనసుతోనే అన్నారు. కానీ తొట్టెల్లోంచి పోయిన సక్కర్ చేపలే ఇవాళ కృష్ణా, గోదావరి జిల్లాల కాలువల్లో, చెరువుల్లో దెయ్యం చేపలై జాలరుల వలలు చింపుతున్నాయి. పరాయి నది చేపని మన నదిలో వదలడం ఆ చేపకీ మేలు కాదు, నదికీ కాదు.

తొట్టెలోకి ఇప్పుడు బజార్లో బతికుండగా దొరికిన రెండు చిన్న జాతి జెల్లలు వచ్చాయి. ఎంత పెరిగినా జానెడు దాటవు. వాటితో అరచెయ్యంత సిల్వర్ డాలర్లు అయిదు. చిన్న చేపలు వెయ్యను, ఎందుకంటే జెల్ల కూడా రాత్రి వేటగత్తే.

నాగ్‌పూర్‌కి ఫోన్ చేసి పిల్లాడికి అంతా చెప్పాను. కొత్త తొట్టె కొంటున్నాడట. "ఒరే, ధర అడిగే ముందు అది ఎంత పొడుగు పెరుగుతుందో అడుగు. కొట్టువాడు చెప్పకపోతే కొనకు, నాకు ఫోన్ చెయ్యి" అన్నాను.