జేబులో పానా, చేతిలో బిళ్ళ



2025 మొదట్లో ఒక ఆదివారం, ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వెదుక్కుంటున్న వేళ, మా సంఘములోని ముగ్గురు యౌవనస్థులు మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మాకొక నాణెం తయారుచేసి పెట్టాలి" అన్నారు. మేము ఉలిక్కిపడ్డాము. నాణెములు ముద్రించుట ప్రభుత్వము వారి పని గదా!

విషయమేమిటంటే, ఈ పిల్లలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. కరోనా లాక్‌డౌన్ రోజులలో తెల్లవారుజామున సైకిళ్ళు తొక్కడం మొదలుపెట్టారు. ఒకరిని చూసి ఒకరు చేరి నలభై మంది అయ్యారు. అందరూ మన సంఘము వారు కారు, అన్ని మతముల వారూ ఉన్నారు. అయిదేళ్ళు నిండుతున్నందున ఒక జ్ఞాపకార్థ నాణెము, దానితోపాటు దారిలో సైకిలు చెడితే బాగుచేసుకొనుటకు జేబులో పట్టే ఒక పానా తయారుచేయించి తలా ఒకటి పంచుకోవాలని వారి కోరిక. మా దగ్గరకు ఎందుకు వచ్చారంటే, వేదాంత విద్య డిప్లొమాకు వెళ్ళకముందు మేము బోర్డులు వ్రాసి బ్రతికినవారము. ఇప్పటికీ గుడి గోడ మీద వాక్యము మేమే వ్రాస్తాము. షుగరు వచ్చిందని డాక్టరు గారు భయపెట్టినందున మేము కూడ ఒక సైకిలు కొని అప్పుడప్పుడు వారి వెనుక రొప్పుతూ వెళ్తుంటాము.

పల్లెలలోని చదువరులకు మా తెల్లాపూర్ సంగతి రెండు మాటలలో చెప్పాలి. ఒకప్పుడు మెదక్ జిల్లాలో పల్లె. 2018లో మున్సిపాలిటీ అయింది. చేలు ఉన్నచోట ఇప్పుడు మెడ నొప్పి పుట్టేంత ఎత్తు మేడలు. దగ్గరలోనే ఔటర్ రింగు రోడ్డు పక్కన సైకిళ్ళ కొరకు 23 కిలోమీటర్ల దారి వేసి, 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. దాని మీద కప్పుగా సూర్యరశ్మితో కరెంటు తీసే పలకలు ఉన్నాయి. ఎండా వానా తగలవు. అందులో ఒక భాగము నార్సింగి నుండి కొల్లూరు వరకు వస్తుంది. మా పిల్లలు తొక్కేది దాని మీదే.

వారు గీసుకొని వచ్చిన మొదటి బొమ్మలో ఒకవైపు మూడు సింహాలు, కింద రూపాయి గుర్తు, అంకె అయిదు! అయిదేళ్ళు గనుక అయిదు అన్నారు. మేము వెంటనే ఎర్ర సిరాతో కొట్టివేశాము. సింహాల ముద్రను ఇష్టానుసారముగా వాడకూడదని 2005లో చట్టము వచ్చింది. డబ్బుగా చెల్లించాలనే ఉద్దేశముతో లోహపు బిళ్ళలు చేయడం 2011 నాటి నాణెముల చట్టము ప్రకారము నేరము. మనము చేసేది నాణెము కాదు, జ్ఞాపకపు బిళ్ళ అని వారికి నచ్చజెప్పాము.

తరువాత వారిని సైఫాబాద్ తీసుకొనిపోయాము. అక్కడి పాత టంకశాల 1903 నాటిది. ముద్రణ 1997లో చర్లపల్లికి మారిపోయింది. పాత భవనములో 2022 నుండి ప్రదర్శనశాల పెట్టారు. మీలో ఎవరైనా హైదరాబాద్ వస్తే పిల్లలను తీసుకొని వెళ్ళండి. నిజాము కాలపు చార్మినార్ రూపాయి మీద మేము చాలాసేపు నిలిచిపోయాము. ఆ బొమ్మలో చార్మినార్ ద్వారము మధ్య ఒకే ఒక అక్షరము ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలములో "మీమ్", ఉస్మాన్ అలీ ఖాన్ కాలములో "ఐన్". రాజు ముఖము లేదు, పేరులోని ఒక్క అక్షరమే ద్వారములో నిలబడి ఉంది! మన ప్రభువు ఒక దేనారమును తెప్పించి దాని మీద రూపము ఎవరిదని అడిగిన సంగతి మీకు తెలిసినదే. కైసరుకు తన ముఖము కావలసి వచ్చింది. ఇక్కడ ఒక అక్షరము సరిపోయింది. ఈ ఆలోచన మాకు బాగా నచ్చింది.

ఇంకొక చిన్న సంగతి. మీ జేబులోని నాణెము తీసి సంవత్సరము అంకె కింద చూడండి. నక్షత్రముంటే అది హైదరాబాద్‌లో ముద్రించినది. చుక్క ఉంటే నోయిడా, వజ్రపు ఆకారమైతే ముంబై, ఏమీ లేకపోతే కలకత్తా. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి గారు విడుదల చేసిన ఎన్.టి. రామారావు గారి వంద రూపాయల నాణెము కూడ మన హైదరాబాద్ టంకశాలదే. అడ్డముగా 44 మిల్లీమీటర్లు. మా బిళ్ళకు 42 చాలనుకున్నాము.

ఇక గీయడం. గోడ మీద మూరెడు అక్షరాలు వ్రాసిన చేయి మాది. బొటనవేలంత చోటులో "తెల్లాపూర్" అని వ్రాయబోతే చుక్కలు కనిపించాయి. ఇంగ్లీషు అక్షరాలైతే వరుసగా నిలబడతాయి. మన తెలుగుకు పైన తలకట్టు, కింద వత్తు. బిళ్ళ అంచు వెంట గుండ్రముగా వ్రాస్తే "ల్లా" కింది లావత్తు అంచుకు తగిలి నలిగిపోయింది. గీత సన్నమైతే అచ్చులో పడదు, లావైతే అక్షరము పూడిపోతుంది. పదకొండుసార్లు వ్రాశాము. చివరకు పేరును అంచు మీదనుండి దించి, మధ్యలో సూటిగా పెట్టాము. పైన వంచిన హ్యాండిలు, సన్నని చక్రాలు గల పందెపు సైకిలు. అందరూ చప్పట్లు కొట్టారు. మేమూ కొంత గర్వపడ్డామని ఒప్పుకొనవలెను.

పానా సంగతి వేరు. అది నాలుగు మిల్లీమీటర్ల మందమున్న స్టీలు పలక. దానిలో పావు అంగుళపు రంధ్రము. ఆ రంధ్రములో 4, 5, 6 సైజుల అలెన్ బిట్లు బిగించి తిప్పవచ్చు. ఒక అంచున చక్రపు పుల్లలు బిగించే గాడి. ఒక మూల, ప్రియులారా, సీసా మూత తీసేది! "ఇదెందుకు బాబూ?" అని అడిగితే, "గోలీసోడా అయ్యగారూ" అన్నాడొకడు. గోలీసోడాకు మూత ఉండదని మాకు తెలియదనుకున్నాడు కాబోలు. నవ్వి ఊరుకున్నాము.

పటాన్‌చెరు వైపు ఒక చిన్న వర్క్‌షాపులో మొదటి అయిదు ముక్కలు చేయించాము. రెండవ రోజే బిట్టు రంధ్రము అంచులు గుండ్రమైపోయాయి. తప్పు మాదే. తుప్పు పట్టదని 304 రకము స్టీలు అడిగాము. దానిని కాచి ముంచినా గట్టిపడదట. గట్టిపడాలంటే 420 వంటి రకము కావాలి. నాగటి కర్రును కమ్మరి కొలిమిలో కాచి, సాగగొట్టి, నీళ్ళలో ముంచడం చిన్నప్పుడు ఎన్నిసార్లు చూడలేదు? అయినా అడగాలని తోచలేదు. రెండవసారి సరియైనది చేయించి ఒకటి మా జేబులో వేసుకొని తిరుగసాగాము.

ఇక్కడే అసలు సంగతి జరిగింది.

మా సంఘములో ఒక పెద్దాయన ఉన్నారు. నారాయణఖేడ్ వైపు నుండి వచ్చి కొల్లూరు అవతల కాపురముంటూ, ఇక్కడ అపార్టుమెంటులో రాత్రి వాచ్‌మన్‌గా చేస్తారు. పాత అట్లాస్ సైకిలు. ఒక ఆదివారము సాయంకాల ప్రార్థన తరువాత ఆయన సైకిలు వెనుక చక్రము జరిగిపోయి గొలుసు వదులైంది. డ్యూటీ వేళ దగ్గర పడింది. చీకటిలో ఆయన కూర్చొని చూస్తుండగా మేము ఉత్సాహముతో జేబులోని పానా తీసి ఇచ్చాము. ఆయన దానిని అటూ ఇటూ తిప్పి, వేలితో రంధ్రాలు తడిమి, "ఇది నా బండికి పట్టది అయ్యగారూ. గిది మీ బండ్ల సామాను" అని తిరిగి ఇచ్చేశారు. అందులో కోపమేమీ లేదు. మేమే సిగ్గుపడ్డాము. మూడు నెలలు కష్టపడి చేసిన పానాలో ఆయన సైకిలుకు పనికివచ్చే రంధ్రము ఒక్కటి లేదు! ఆ వేళకు పంక్చర్ షాపు మూసివేశారు. సౌలు దినములలో ఇశ్రాయేలీయులకు తమ దేశములో కమ్మరి లేక, పనిముట్లు పదును పెట్టించుకొనుటకు ఫిలిష్తీయుల దగ్గరకు పోవలసి వచ్చెనని చదివి ప్రసంగించినవారము, గుడి ముందర చేతులు ముడుచుకొని నిలబడ్డాము. ఆయన సైకిలు నడిపించుకొని పోయారు. ఆలస్యమైనందున ఆ రాత్రి కూలి పోయిందని తరువాత మా ఇంటావిడ ద్వారా తెలిసింది. ఆయన మాకు చెప్పలేదు.

ఆ రాత్రి ఒక కవరు వెనుక లెక్క వేశాము. రానూపోనూ రోజుకు పద్నాలుగు కిలోమీటర్లు. సంవత్సరానికి మూడు వందల రోజులు. 4,200. అయిదేళ్ళకు 21,000. మా బృందములో బిళ్ళకు అర్హత అయిదేళ్ళలో అయిదు వేల కిలోమీటర్లు, అదీ ఫోనులో నమోదైనవి. పెద్దాయనకు నాలుగు బిళ్ళలు రావాలి!

మరుసటి సమావేశములో ఈ సంగతి పెట్టాము. గొడవైంది. "ఆయన మన మెంబరు కాదు గదా" అన్నారు కొందరు. "ఇష్టముతో తొక్కడం వేరు, అవసరానికి తొక్కడం వేరు" అన్నాడొక యౌవనస్థుడు. అది తేలికగా కొట్టిపారేసే మాట కాదు. మాకు చరిత్ర పాఠములో విన్నది గుర్తుకు వచ్చి చెప్పాము. స్కాట్లాండు ప్రెస్బిటేరియన్ సంఘములలో పూర్వము ప్రభువు బల్లకు ముందు పెద్దలు విశ్వాసులను పరీక్షించి, యోగ్యులని తోచినవారికి సీసపు బిళ్ళలు ఇచ్చేవారు. వాటి మీద తరచుగా ఆ సంఘము పేరులోని పొడి అక్షరాలు ఉండేవి. బిళ్ళ చూపినవారికే బల్ల దగ్గర చోటు. పందొమ్మిదవ శతాబ్దములో వాటి స్థానములో కాగితపు కార్డులు వచ్చాయి. ఇప్పుడు ఆ బిళ్ళలను సేకరించేవారు దాచుకుంటున్నారు. బిళ్ళ చేయడం మొదలుపెడితే, ఎవరికి ఇవ్వకూడదనే ప్రశ్న దాని వెంటే వస్తుంది. ఈ మాటకు సగము మంది తలలూపారు, సగము మంది ఫోనులు చూసుకున్నారు.

పానాకు మాత్రము తొందరగా దారి దొరికింది. వెర్నియర్‌తో కొలిస్తే ఆయన సైకిలు వెనుక నట్టు 15 మిల్లీమీటర్లు వచ్చింది. అంత రంధ్రము పెట్టడానికి చోటేది? సీసా మూత తీసేది పోయింది. గోలీసోడా అన్నవాడే ముందుగా ఒప్పుకొన్నాడు. అయితే మిస్త్రీ నవ్వి, "ఇంత పొట్టి పట్టుతో వెనుక నట్టు బిగుస్తుందా సార్?" అన్నాడు. అందుచేత పలకను ఎనిమిది సెంటీమీటర్ల నుండి పన్నెండుకు పెంచాము. చొక్కా జేబులోనుండి కొంచెము బయటకు కనిపిస్తుంది. అందము తగ్గిందని ఇప్పటికీ కొందరికి బాధ.

బిళ్ళకు ఇంకా అచ్చు చేయలేదు గనుక బొమ్మ మార్చాము. వంచిన హ్యాండిలు తీసివేసి, ఒట్టి చక్రము మాత్రమే ఉంచాము. చక్రము ఏ సైకిలుకైనా గుండ్రమే. చార్మినార్ ద్వారములోని అక్షరమువలె ఇరుసు దగ్గర చిన్న "తె" పెట్టాము. వెదికితేనే కనిపిస్తుంది. పెద్దాయనకు ఇవ్వాలా వద్దా అనే దానికి చేతులెత్తించారు. రెండు చేతుల తేడాతో ఇవ్వాలని తేలింది. వ్యతిరేకముగా ఎత్తినవారిలో ఒకడు మా గాయక బృందములో తబలా వాయిస్తాడు. తరువాత మూడు వారాలు మాతో ముక్తసరిగా మాట్లాడాడు.

పెద్దాయన బిళ్ళను అరచేతిలో పెట్టుకొని బరువు చూసి, "దీనికి ఏమొస్తది అయ్యగారూ?" అని అడిగారు. ఏమీ రాదని చెప్పాము. "మంచిగున్నది" అని జేబులో వేసుకున్నారు. ఇప్పుడు ఆయన మనుమరాలు దానితో నోటుబుక్కులో గుండ్రాలు గీస్తోంది. పానాను మాత్రము పురికొసతో సైకిలు సీటు కింద కట్టుకున్నారు.

మొన్న ఆదివారము మా సైకిలు స్టాండు వదులై కింద పడబోయింది. ఆయన చూసి, "మీ పానా తీయుండ్రి" అన్నారు. మాది ఇంట్లో బల్ల మీద, డబ్బాలో భద్రముగా ఉంది. ఆయన వంగి తన సీటు కింది పురికొస విప్పడం మొదలుపెట్టారు.