ఘాటు

ఉదయం తొమ్మిదింటికి మణికట్టు మీద ఒక్కసారి నొక్కుతాను. మొదటి ఐదు నిమిషాలూ కమలాపండు తొక్కని గోటితో గిల్లినట్టుంటుంది. బస్సెక్కే సరికి లవంగం వచ్చేస్తుంది, దాని వెనకే మిరియాలు, ధనియాలు. మధ్యాహ్నం రెండో క్లాసు దాకా ఆ ఘాటే. అందులో మల్లెజాతి పూలు కూడా ఉన్నాయంటారు గానీ, నా ముక్కుకి మాత్రం అవి లవంగం చాటున నక్కి కూర్చున్నట్టే ఉంటాయి. తేలికైనవి ముందు ఎగిరిపోతాయి, బంకలూ చెక్కలూ ఆఖరిదాకా చర్మాన్ని పట్టుకుని ఉంటాయి. అందుకే సాయంత్రం ఇంటికొచ్చే వేళకి మిగిలేది పూర్తిగా వేరే వాసన. సాంబ్రాణిలా, తడిసిన చెక్కలా, కొంచెం చేదుగా. రాత్రి దిండు మీద కూడా అదే. ఒక చిన్న సీసాలో ఇన్ని పూటలు దాగి ఉంటాయని ముప్ఫై ఏళ్ళు దాటేదాకా నాకు తెలీదు.

దాని పేరు ఓపియం. అంటే నల్లమందు. ఈవ్ సాన్ లోరాన్ సంస్థ 1977లో ఫ్రాన్సులో విడుదల చేసింది. నిజం చెప్పాలంటే నేను దాన్ని ఇష్టపడి తెప్పించుకోలేదు. ఎం.ఏ. విద్యార్థులకి సాహిత్య విమర్శ పేపర్లో ఎడ్వర్డ్ సయీద్ ‘ఓరియెంటలిజం’ పాఠం చెప్పడానికి తయారవుతూ ఉదాహరణల కోసం వెతుకుతున్నాను. సయీద్ పుస్తకం వచ్చింది 1978లో. ఒక్క ఏడాది తేడా! పేరు చైనావాళ్ళ గాయం. సీసా ఆకారం జపాన్‌లో ఒకప్పుడు నడుముకి వేలాడదీసుకున్న ‘ఇన్రో’ అనే మందుల పెట్టెది. లోపల మన దినుసులు. దీన్నంతా కలిపి ‘ఓరియెంటల్’ అని ఒక జాతి కింద అమ్మారు. పేరు మార్చమనీ క్షమాపణ చెప్పమనీ 1979లో అమెరికాలోని చైనీయులు ఆందోళన చేశారు. పేరు మారలేదు. చైనాని ముంచిన ఆ నల్లమందులో పెద్ద భాగం ఈస్టిండియా కంపెనీ అజమాయిషీలో బీహార్ రైతుల చేత పండించింది. ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? పారిస్‌లో చదువుకుంటున్న స్నేహితురాలు వస్తూ ‘ఏం తేను’ అని అడిగితే శత్రువు వాసన ఎలా ఉంటుందో చూద్దామని ఇది చెప్పాను. పి.హెచ్.డి. ఇంక్రిమెంట్ల ఎరియర్స్ వచ్చిన నెల కాబట్టి డబ్బులివ్వగలిగాను.

మూత తీసి వాసన చూశాను. శత్రువు కాదు. మా వంటిల్లు.

మాది గుంటూరు జిల్లాలో ఒక దళిత క్రైస్తవ కుటుంబం. అమ్మ ప్రభుత్వ స్కూల్లో టీచరు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆమెకి ఒక చిన్న పట్నానికి బదిలీ అయ్యింది. మేడ మీద ఓనర్లు, కింద మేము. ఆదివారం చర్చి నుంచి రాగానే అమ్మ లవంగాలు, దాల్చినచెక్క, ధనియాలు వేయించి రోట్లో నూరేది. మూడో నెలలో ఓనరుగారి భార్య మెట్ల మీద నిలబడి, ఎంతో మర్యాదగా, “టీచరుగారూ, మీ వంట వాసన పైకొస్తోందండీ. మా అత్తగారికి పడటం లేదు” అంది. గారూ, అండీ, ఒక్క మాటా తప్పలేదు. అప్పటిదాకా తెరిచే ఉండే మేడమీది కిటికీ మేం పొయ్యి వెలిగించగానే ధడాలున మూసుకునేది. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేశాం.

ఆ తర్వాతి ఇంట్లో అమ్మే కిటికీలు మూసి వండటం మొదలుపెట్టింది. పొగ మా మధ్యనే తిరిగేది. స్కూలు యూనిఫారాలు ఇనప్పెట్టెలో కలరా ఉండల మధ్య ఉండేవి. బడికెళ్ళే ముందు మెడకీ చంకలకీ అమ్మ తెల్లగా పౌడరు అద్దేది. ‘శుభ్రంగా ఉండాలి’ అనేది. శుభ్రం అంటే ఏ వాసనా లేకపోవడం అని నేను చాలా కాలం నమ్మాను. హైదరాబాదులో పరిశోధన చేస్తూ గది కోసం తిరుగుతున్న రోజుల్లో ‘మీరేం వండుతారు’ అనే ప్రశ్న ఎన్ని గుమ్మాల ముందు విన్నానో లెక్కలేదు. అది వంట గురించి కాదని అడిగేవాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. ఒకసారి ‘పప్పు’ అన్నాను. గది దొరికింది. ఏడాదిన్నర పప్పే వండుకున్నాను.

నేను పరిశోధన చేసింది ప్రబంధ నాయికల మీద. మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయాల్లో దారి తప్పి తిరుగుతుంటే, దగ్గర్లో ఒక స్త్రీ ఉందని అతనికి మొదట తెలిసేది కంటితో కాదు, ముక్కుతో. కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలం వాసనని గాలి మోసుకొస్తుంది. వరూధిని తర్వాత కనిపిస్తుంది. ఆ ఘట్టం మీద సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయమే రాశాను. మనిషి కంటే ముందు ఆమె వాసన రావడం ఎంత సొగసైన కల్పన అని మెచ్చుకున్నాను కూడా. మనిషి కంటే ముందు వాసన వస్తే మా అమ్మకి ఇల్లు పోయిందన్న సంగతి ఆ అధ్యాయం రాస్తున్నంత కాలం నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. గుర్తు రాకుండా రాయడాన్నే పాండిత్యం అనుకున్నానేమో.

ఓపియం రాసుకుని మొదటిసారి కాలేజీకెళ్ళినప్పుడు స్టాఫ్‌రూమ్‌లో ఒక సీనియర్ మేడమ్ ఆగి, కళ్ళు మూసుకుని పీల్చి, “ఎంత బాగుందో! ఫ్రెంచా?” అన్నారు. అవునన్నాను. సంతోషం వేసింది. ఆ సంతోషం గురించే రెండు రోజులు సిగ్గుపడ్డాను. లవంగానికి పాస్‌పోర్టు కావాల్సి వచ్చిందన్నమాట.

ఇంకో రోజు పక్క టేబుల్ సహోద్యోగి లేచివెళ్ళి కిటికీ తెరిచింది. నా ఒళ్ళు బిగుసుకుపోయింది. ఎనిమిదో తరగతి పిల్లనైపోయాను. తర్వాత తెలిసింది, ఆమెకి పార్శ్వపు నొప్పి, అగరుబత్తి కూడా పడదు. ఇప్పుడు ఆమె వచ్చే రోజుల్లో నేనిది రాసుకోను. నా స్వేచ్ఛ ఇంకొకరి తలనొప్పి కానక్కర్లేదు. కానీ ఆ కిటికీకీ పాత కిటికీకీ తేడా నా బుద్ధికి తెలిసినంత త్వరగా ఒంటికి తెలియలేదు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. పర్మనెంట్ ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు సబ్బు వాసన కూడా లేకుండా చూసుకుని వెళ్ళాను.

సీసా వచ్చిన పెట్టె అడుగున చీమతలకాయలంత అక్షరాల్లో కొన్ని పేర్లున్నాయి. 2003లో యూరోపియన్ యూనియన్ చేసిన నిబంధన ప్రకారం కొందరికి చర్మం మీద అలర్జీ తెప్పించగల 26 సుగంధ పదార్థాలు, ఒక మోతాదు మించితే, పేరు పెట్టి చెప్పాల్సి వచ్చింది. ఆ వరసలో యూజినాల్, లినలూల్ కనిపించాయి. లినలూల్ ధనియాల వాసన. యూజినాల్ లవంగం వాసన. పళ్ళ డాక్టరు గదిలో వచ్చేదీ అదే. తులసాకులో ఉండేదీ అదేనని చదివి పెట్టె పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. మేడ మీద ఆ అత్తగారి తులసికోట ఉండేది. రోజూ పొద్దున్నే నీళ్ళు పోసి ఆకు తుంచి నోట్లో వేసుకునేది. ఆవిడకి పడనిది ఏమిటో మరి!

సుగంధాల వర్గీకరణలో పేరుపొందిన మైకేల్ ఎడ్వర్డ్స్ 2021లో తన పట్టికలో ‘ఓరియెంటల్’ అన్న మాట తీసేసి ‘ఆంబర్’ అని పెట్టాడు. మంచిదే. సీసా మీది ఓపియం మాత్రం అలాగే ఉంది.

పోయిన క్రిస్మస్ సెలవుల్లో అమ్మ దగ్గరికి వెళ్ళాను. రిటైరయ్యాక ఊళ్ళో సొంత ఇల్లు కట్టుకుంది. సాయంత్రం నేను పక్కన కూర్చోగానే ముక్కు ఎగబీల్చి, “ఏందే ఇది? చెయ్యి ఇటివ్వు” అంది. నా మణికట్టుని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వదల్లేదు.

“లవంగం. మిరియం కూడా పడింది. ధనియాలున్నయ్యిగానీ వేయించలా, పచ్చివే.” మళ్ళీ పీల్చింది. “అడుగున ఇంకోటుందే... ఆగు. బోళం! బాలింత బోళం.”

నిజమే, అందులో మిర్ అనే బంక ఉందని నేను చదివాను. మిర్ అంటే బోళమని, ఏటా క్రిస్మస్‌కి బంగారం, సాంబ్రాణి, బోళం అని విన్నదే ఇదని నాకు తట్టనే లేదు.

“నువ్వు పుట్టినప్పుడు మా అమ్మ పొద్దునా సాయంత్రం ఉండ చేసి మింగించేది. చేదు ఇషం. నీకు పాలిస్తుంటే నా ఒంట్లో ఇదే వాసన,” అంది అమ్మ. “పేరేందన్నావు?”

“నల్లమందమ్మా.”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. “మా నాయనమ్మ కూలికి పోతా పిల్లకాయలకి అది నాకించేదంట, సందేళ దాకా ఏడవకుండా పడుంటారని. ఒక పిల్ల లేవలేదంట,” అని నా చెయ్యి వదిలేసింది.

పాఠం చెప్పడానికి నేను చైనా దాకా వెళ్ళి వెతికాను. ఏమనాలో తోచక సీసా తీసి, “నీకు రాయనా?” అని అడిగాను.

“ఇప్పుడొద్దు. కూరలో మసాలా ఎయ్యాల. అది రాసుకుంటే ముక్కు పాడైపోద్ది, సరిపోయిందో లేదో తెలవదు.” లేస్తూ రోలు వైపు చూపించింది. “అల్లం వెల్లుల్లి నూరుదువుగాని, చేతులు కడుక్కునిరా.”

కడుక్కున్నాను. పోలేదు.