అల్‌మునక్కబ్ తీరాన

స్పెయిన్ దేశపు దక్షిణ తీరాన, మాలగా నగరానికి తూర్పుగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో అల్మునేకర్ అనే పట్టణమున్నది. జనాభా దాదాపు 27 వేలు. వేసవి రాగానే ఐరోపా నలుమూలల నుండి విహారయాత్రికులు వచ్చి చేరుతారు. సముద్రతీరమంతా గొడుగులతో నిండిపోతుంది. ఆ పేరు వారికి ఒక విహారస్థలం పేరు మాత్రమే. అరబీ చదివే మన పిల్లల చెవిన పడితే మాత్రం అందులోని 'అల్' వెంటనే పట్టుబడుతుంది. దాని అసలు పేరు అల్‌మునక్కబ్. చుట్టూ కొండలు గల కోట అని అర్థం చెబుతారు. అరబీలో 'మన్‌కిబ్' అనగా భుజము. సూరహ్ అల్‌ముల్క్‌లో భూమిని గురించిన ఆయతులో వచ్చే 'మనాకిబ్' అనే పదమూ ఈ ధాతువు నుండి పుట్టినదే.

అందలుస్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన సభలలో వక్తలు ఖుర్తుబా మస్జిదును, అల్‌హమ్రా కోటను తలచుకుని కన్నీరు పెట్టి కూర్చుంటారు. ఈ చిన్న రేవు ఎవరికీ గుర్తు రాదు. కాని ఉమవీల అందలుస్ చరిత్ర మొదలైనది ఈ ఒడ్డునే.

క్రీ.శ. 750లో అబ్బాసీలు ఉమవీ ఖిలాఫత్‌ను కూలద్రోసి, ఆ వంశీయులను వెదకి వెదకి చంపించారు. ఖలీఫా హిషామ్ మనుమడైన అబ్దుర్రహ్మాన్‌కు అప్పటికి ఇరవై ఏళ్ళు. తరుముకొస్తున్న సైనికుల నుండి తప్పించుకోవడానికి తమ్మునితో కలిసి యూఫ్రటీస్ నదిలో దూకాడు. ఒడ్డు నుండి సైనికులు అభయమిస్తామని కేకలు వేయగా, ఆ బాలుడు నమ్మి వెనుదిరిగాడు. అన్న కళ్ళెదుటే వాని తల తెగింది. ఆ తరువాత అబ్దుర్రహ్మాన్ అయిదేళ్ళపాటు ఉత్తర ఆఫ్రికాలో తలదాచుకున్నాడు. తల్లి బర్బర్ తెగకు చెందినది గనుక ఆమె బంధువర్గం ఆదుకున్నది. విశ్వాసపాత్రుడైన బద్ర్‌ను ముందుగా అందలుస్ పంపి మద్దతు కూడగట్టాడు. హిజ్రీ 138లో, అనగా 755లో, అల్‌మునక్కబ్ వద్ద ఓడ దిగాడు. మరుసటి ఏడు ఖుర్తుబా అతని వశమైంది. 788లో మరణించే వరకు పాలించాడు. నేడు ఆ సముద్రతీరపు రాతిగుట్ట క్రింద పురపాలకులు అతని విగ్రహాన్ని నిలిపారు. విగ్రహాలు నిలపడం మన పద్ధతి కాదు గాని, కాందిశీకునిగా వచ్చిన ఒక ముస్లిమును ఆ ఊరివారు నేటికీ తమవాడిగా తలచుకోవడం గమనించదగినది.

అతనికి ముందు కూడా ఆ ఊరికి పెద్ద చరిత్రే ఉన్నది. ఫినీషియన్ వర్తకులు సెక్సీ అనే పేరుతో ఇక్కడ రేవు నెలకొల్పారు. వారి సమాధులలో ఈజిప్టు ఫిరౌనుల పేర్లు చెక్కిన చలువరాతి కలశాలు దొరికాయి. రోమన్ల కాలంలో చేపలు ఉప్పులో ఊరవేసే తొట్లు కట్టారు. ఆ ఎండుచేపల ప్రసిద్ధిని గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో కూడా పేర్కొన్నాడు. 1వ శతాబ్దంలో వారు కట్టిన నీటి వంతెనలు లోయలో ఇంకా నిలిచే ఉన్నాయి.

ముస్లిములు ఆ నీటి విద్యను మరింత పెంచారు. కొండవాలున మెట్లుమెట్లుగా పొలాలు కట్టి, ప్రతి మెట్టుకూ కాలువ తీశారు. పొలాల నడుమ తిరిగే స్పానిష్ రైతు నోట నేటికీ ఆ భాషే. కాలువను అతడు 'అసెకియా' అంటాడు, అది మన 'అస్సాఖియహ్'. నీటి తొట్టిని 'అల్బెర్కా' అంటాడు, అది 'అల్‌బిర్కహ్'. నీరు తోడే చక్రం 'నోరియా', అది 'నాఊరహ్'. చక్కెరను 'అసూకర్' అంటాడు, అది 'అస్సుక్కర్'. ఈ చివరి మాట మరీ దూరప్రయాణం చేసినది. మన దేశపు 'శర్కర' పారసీకం మీదుగా అరబీలో చేరి, చెరకుగడతో పాటు ఈ తీరానికి వెళ్ళింది. మనం చక్కెర అనేదీ ఆ మాటనే. పొరుగున ఉన్న సలోబ్రేన్యాలో చివరి చెరకు మిల్లు 2006లో మూతబడింది. అంతటితో వెయ్యేళ్ళ పంట ముగిసింది.

1489లో అల్‌మునక్కబ్ కాథలిక్ రాజుల వశమైంది. 1492లో గ్రనడా పడిపోయింది. బలవంతాన మతం మార్చబడినవారి సంతతిని 1609 మొదలుకొని దేశం నుండే వెళ్ళగొట్టారు.

చెరకు పోయిన చోట ఇప్పుడు అవకాడో, మామిడి, చిరిమోయా తోటలు. చిరిమోయా మన సీతాఫలానికి దగ్గరి చుట్టము, దక్షిణ అమెరికా నుండి వచ్చినది. దాని పువ్వు మొదట ఆడపువ్వుగా, తరువాత మగపువ్వుగా మారుతుంది. పరాగం మోసే పురుగు అక్కడ చాలినంత లేదు. అందుచేత రైతులు ఒకనాటి సాయంత్రం పుప్పొడి సేకరించి, మరునాడు చిన్న కుంచెతో ఒక్కొక్క పువ్వుకు అద్దుతారు. ఐరోపాలో ఇటువంటి పంటలు పండడానికి కారణం వెనుకనున్న సియెర్రా నెవాడా పర్వతాలు. సుమారు 3,480 మీటర్ల ఎత్తైన వాటి శిఖరం ఉత్తరపు చలిగాలిని అడ్డుకుంటుంది. దాని పేరు ముల్హసెన్, గ్రనడా సుల్తాను మౌలాయ్ అబుల్ హసన్ పేరే అది.

ఈ తోటలకు దాహమెక్కువ. అనావృష్టి ఏళ్ళలో బావుల నీరు అడుగంటి, సముద్రపు ఉప్పు లోపలికి చొరబడుతుంది. గ్వాదల్ఫెయో నది మీద రూలెస్ ఆనకట్ట 2004లో పూర్తయింది గాని, ఆ నీటిని పొలాలకు చేర్చే గొట్టపు మార్గాలు 20 ఏళ్ళు గడిచినా పూర్తి కాలేదు. రైతులు ఊరేగింపులు తీస్తున్నారు.

ఆ నదికి నీరిచ్చే పర్వతాల మీద మాత్రం మరొక పని సాగుతున్నది. ముస్లిముల కాలపు కొండకాలువలు అక్కడ మట్టిపూడి ఉన్నాయి. కరిగిన మంచునీటిని వాలున మెల్లగా నడిపి నేలలోకి ఇంకించడం, ఆ నీరు నెలల తరువాత దిగువన ఊటలై పైకి రావడం, ఇదీ వాటి పద్ధతి. దానిని అక్కడివారు నీరు విత్తడమంటారు. గ్రనడా విశ్వవిద్యాలయపు పరిశోధకులు, విద్యార్థులు, కొండగ్రామాల రైతులు కలిసి పారలు పట్టి ఆ కాలువలను ఒక్కొక్కటిగా తవ్వి తెరుస్తున్నారు.